క్రీమా, పీలా, లేజరా: హైదరాబాదు ఎండలో చర్మానికి ఏది మేలు?

మెట్రో స్తంభాల మీది స్కిన్ క్లినిక్ ప్రకటనల్లో చికిత్సల పేర్లు ఎన్ని కనిపించినా, చర్మానికి అవి చేసే పనిని బట్టి చూస్తే అన్నిటినీ నాలుగు రకాల కిందికి తేవచ్చు. పైన రాసుకునే మందులు ఒక రకం. ఆమ్లంతో పైపొరను ఊడదీసే పీల్స్ ఇంకొకటి. వేడితోగానీ సూదులతోగానీ లోపలి పొరకు చిన్న గాయాలు చేసి, అవి మానే క్రమంలో చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్ అయిన కొలాజెన్ కొత్తగా పుట్టేలా చేసే లేజర్లు, మైక్రోనీడ్లింగ్ మూడో రకం. బొటాక్స్, చర్మం కింద నింపే ఫిల్లర్ల వంటి ఇంజెక్షన్లు నాలుగోవి. వీటిలో ఏది మంచిదని అడిగేవారిలో చాలామంది ఏది త్వరగా పనిచేస్తుందన్న ఉద్దేశంతోనే అడుగుతారు. రెండేళ్ల తర్వాత చర్మం ఎలా ఉంటుంది, ఏదైనా తేడా వస్తే సరిదిద్దుకునే దారి ఉంటుందా అని చూస్తే వరుస దాదాపు తలకిందులవుతుంది. ఇక్కడ పెట్టిన వరుస ఆ లెక్క ప్రకారం పెట్టినదే.

అమెరికా చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో, ఎండకు చర్మం కాలుతుందా, నల్లబడుతుందా అన్నదాన్ని బట్టి ఒక వర్గీకరణ చేశారు. తర్వాత విస్తరించి ఆరు రకాలైన ఆ పట్టికలో మనవారిలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల కిందికి వస్తారు. ఈ చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి ముడతలు ఆలస్యంగా వస్తాయి, చర్మ క్యాన్సర్ ముప్పూ తక్కువే. కానీ మొటిమ గిల్లినా, వ్యాక్స్ వేడి ఎక్కువైనా, పీల్ ఒక నిమిషం ఎక్కువసేపు ఉంచినా, ప్రతి గాయానికీ ఈ చర్మం నల్ల మచ్చతోనే జవాబిస్తుంది. తెల్ల చర్మంవారికి నాలుగు రోజుల ఎరుపుతో పోయే చికిత్స మనకు ఆరు నెలల మచ్చను మిగల్చవచ్చు. అందుకే విదేశీ వీడియోల్లోని ముందు, తర్వాత ఫొటోలను చూసి నిర్ణయానికి రాకూడదు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండ, మధ్యాహ్నం ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో బండి మీద నిలబడటం వంటివి ఆ మచ్చను మరింత ముదురు చేస్తాయి.

ముందు జబ్బేమిటో తేలాలి

చికిత్సలను పోల్చుకోవడానికి ముందే డబ్బు వృథా అయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. మెడ వెనుక, చంకల్లో చర్మం మందంగా, మఖమల్ బట్టలా నల్లబడితే చాలామంది దాన్ని ట్యాన్ అనుకుని, మురికి అనుకుని, పీచుతో రుద్ది రుద్ది ఇంకా నల్లగా చేసుకుంటారు. అది ఎకాంథోసిస్ నైగ్రికాన్స్ కావచ్చు. శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు వచ్చే లక్షణం కాబట్టి, షుగర్ పరీక్ష చేయించుకోకుండా, బరువు తగ్గకుండా ఎన్ని పీల్స్ చేయించుకున్నా అది తిరిగి వస్తుంది. గడ్డం మీద ముతక వెంట్రుకలు వస్తూ నెలసరి కూడా తప్పుతున్న అమ్మాయికి లేజర్ ప్యాకేజీ కంటే ముందు హార్మోన్ పరీక్ష అవసరం, లోపల పి.సి.ఓ.ఎస్. అనే అండాశయాల హార్మోన్ సమస్య అలాగే ఉంటే వెంట్రుకలు మొలుస్తూనే ఉంటాయి. నుదురు, చెంపల పక్క, మెడ బూడిదరంగులోకి మారుతున్న నడివయసువారు తాము వాడే హెయిర్ డైని అనుమానించాలి. డైలోని పి.పి.డి. అనే రసాయనం పడనివారిలో ఇలా రంగు దిగుతుంది. డై మానకుండా ముఖానికి ఏమి చేసినా ప్రయోజనం ఉండదు. చెంపల మీద రెండు వైపులా సమానంగా పరుచుకునే గోధుమరంగు మంగు సంగతి ఇంకోలా ఉంటుంది. గర్భధారణ, గర్భనిరోధక మాత్రలు, ఎండ, వేడి దాన్ని రెచ్చగొడతాయి. అదుపులో ఉంచవచ్చుగానీ ఒకసారితో పోగొట్టేస్తామని ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీని నమ్మవద్దు.

వెంట్రుకల సంగతి పక్కనపెడితే, మిగతా మూడూ సాధారణ కంటికి ఒకేలాంటి ‘నలుపు’గా కనిపిస్తాయి. వీటిని వేరు చేసి చెప్పగలిగేది చర్మవైద్యులే గానీ క్లినిక్ ముందు గదిలో కూర్చున్న కౌన్సెలర్ కాదు. మొదటి సంప్రదింపు ఫీజు దండగ అనుకునేవారికి గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఓపీలున్నాయి. వరుసలో నిలబడాలి, అయినా జబ్బేమిటో తేలుతుంది. ప్యాకేజీ అమ్మాల్సిన అవసరం అక్కడ ఎవరికీ లేదు.

క్రీములు: నిదానంగా పనిచేసేవి, భద్రమైనవి

నా వరుసలో మొదటి స్థానం సన్‌స్క్రీన్‌ది, రెండోది విటమిన్ ఎ జాతి మందైన రెటినాయిడ్‌ది. ఎస్.పి.ఎఫ్. 30 ఉన్న సన్‌స్క్రీన్ అతినీలలోహిత బి కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని, 50 ఉన్నది దాదాపు 98 శాతాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి నంబరు పెంచుకుంటూ పోవడం వల్ల ఒరిగేది కొంచెమే. తేడా అంతా ఎంత రాస్తున్నామన్నదానిలోనే ఉంది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలుగా తీసుకున్నంత క్రీము ముఖానికీ మెడకూ కావాలి; ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మనలో చాలామంది అందులో నాలుగో వంతు రాసి, పనిచేయడం లేదని కంపెనీ మారుస్తుంటారు. మంగు ఉన్నవారు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత చర్మపురంగు సన్‌స్క్రీన్ తీసుకోవాలి. ముదురు చర్మంలో కంటికి కనిపించే వెలుగు కూడా రంగును పెంచుతుంది, దాన్ని తెల్లని క్రీములు అంతగా ఆపలేవు. బండి మీద వెళ్లేటప్పుడు అమ్మాయిలు ముఖం చుట్టూ చున్నీ కట్టుకునే మన ఊరి అలవాటును కొందరు ఎగతాళి చేస్తారు గానీ, మందపాటి నూలుబట్ట అయితే అంత చవకైన రక్షణ మరొకటి లేదు.

రెటినాయిడ్లలో ట్రెటినాయిన్ 0.025 శాతం, అడాపలీన్ 0.1 శాతం సాధారణంగా మొదలుపెట్టే మోతాదులు. రాత్రిపూట శనగగింజంత తీసుకుని, మొదట్లో రోజు విడిచి రోజు రాయాలి. మొదటి కొన్ని వారాలు పొట్టు రాలి, చర్మం లాగినట్టు ఉంటుంది. చాలామంది సరిగ్గా ఆ దశలోనే మానేస్తారు. మొటిమలు తగ్గడానికి మూడు నెలలు, నునుపు రావడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. మొటిమలు, వాటి మచ్చలు, సన్నని ముడతలు ఈ మూడింటి మీదా ఏళ్ల తరబడి పరీక్షకు నిలిచిన మందు ఇంకొకటి చెప్పడం కష్టం. గర్భవతులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు మాత్రం రెటినాయిడ్లు వాడకూడదు. వారికి అజిలాయిక్ ఆమ్లం ఉన్న క్రీము వైద్యుల సలహాతో వాడుకునే వీలుంది; అది మొటిమల మీదా, మచ్చల మీదా పనిచేస్తుంది.

క్రీములన్నీ భద్రమని దీని అర్థం కాదు. మందుల దుకాణంలో ‘తెల్లబడే క్రీము’ అడిగితే చేతికిచ్చే ట్యూబును ఒకసారి తిప్పి చూడండి. వెనుక చిన్న అక్షరాల్లో మొమెటాసోన్ 0.1 శాతం, హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం అని ఒకదాని కింద ఒకటి రాసి ఉంటే, మొదటిది స్టిరాయిడ్ అని గుర్తించండి. చర్మవైద్యులు మంగుకు ఇలాంటి మిశ్రమాన్ని కొన్ని వారాల గడువు పెట్టి రాస్తారు. అందులో తప్పు లేదు. గడువు లేకుండా రోజూ ఫేస్‌క్రీములా రాసుకోవడంతోనే ముప్పు. మొదటి రెండు వారాలు ముఖం మెరిసిపోతుంది, చుట్టుపక్కలవారు ఏం వాడుతున్నావని అడుగుతారు, అక్కడి నుంచి ఆ పేరు నోటిమాటగా పాకుతుంది. నెలలు గడిచాక చర్మం పలచబడి ఎర్రని సన్నని రక్తనాళాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, చెంపల మీద వెంట్రుకలు పెరుగుతాయి. మానేసిన నాలుగు రోజులకే ముఖం మండిపోవడంతో మళ్లీ అదే ట్యూబు దగ్గరికి వెళ్తారు. ఈ బెడద ఎంత పెరిగిందంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం స్టిరాయిడ్ ఉన్న చర్మపు క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన మార్చింది. దుకాణాల్లో ఆ నిబంధన ఎంతవరకు అమలవుతోందో మీకూ తెలిసిందే. హైడ్రోక్వినోన్‌ను కూడా ఏళ్ల తరబడి రాస్తే నీలి నలుపు రంగు చర్మంలో స్థిరపడిపోతుంది. ఓక్రనోసిస్ అనే ఆ స్థితికి సులువైన చికిత్స లేదు.

తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు లేని ఫెయిర్‌నెస్ క్రీములది ఇంకా ప్రమాదకరమైన కథ. వాటిలో పాదరసం కలిపే అవకాశం ఉంది. మన 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం, కంటి చుట్టూ వాడే ఉత్పత్తులను మినహాయిస్తే, దేనిలోనూ పొరపాటున చేరిన పాదరసం పది లక్షల పాళ్లలో ఒక పాలుకు మించకూడదు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బు బయటపడింది. మెరుపు కోసం రాసుకున్నది మూత్రంలో ప్రొటీన్ పోయేదాకా తెస్తుందని ఎవరూ ఊహించరు.

పీల్స్: ఆమ్లం పేరు అడగండి

క్రీములు మూడు నాలుగు నెలలు వాడాక ఇంకా మచ్చలు మిగిలితే తర్వాతి మెట్టు పీల్. ‘గ్లో పీల్’, ‘పార్టీ పీల్’ వంటివి వ్యాపార నామాలు. అందులో ఉన్న ఆమ్లమేమిటి, ఎంత శాతం అన్నది అడిగి తెలుసుకోవాలి. జిడ్డు చర్మానికీ మొటిమలకూ శాలిసిలిక్ ఆమ్లం 20 నుంచి 30 శాతం వాడతారు. రాయగానే చురుక్కుమని మండి, రెండు మూడు నిమిషాల్లో మంట తగ్గుతుండగా ముఖమంతా సన్నని తెల్లపొడి పేరుకుంటుంది. ద్రవం ఆవిరై ఆమ్లం స్ఫటికాలుగా మిగలడం వల్ల కనిపించే తెలుపు అది. ఆ దశలో అది ఇక లోపలికి పోదు. గ్లైకాలిక్ ఆమ్లానికి ఇలాంటి సూచనేమీ లేదు. గడియారం చూసుకుంటూ, చర్మం ఎర్రబడటం గమనిస్తూ, సరైన సమయానికి సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో దాన్ని ఆపాలి. ఆపడం ఆలస్యమైతే ముక్కు పక్కన, నోటి అంచుల్లో ముందుగా కాలుతుంది. అందుచేత అనుభవం తక్కువగా ఉన్న చేతుల్లో ఈ రెండింటిలో గ్లైకాలిక్కే ఎక్కువ ప్రమాదకరం. బ్యూటీ పార్లర్లలో ఎక్కువగా వినిపించే పేరు కూడా దానిదే కావడం దురదృష్టం. సున్నితమైన చర్మానికి మాండెలిక్, లాక్టిక్ ఆమ్లాలు మెరుగు, ఎందుకంటే మాండెలిక్ అణువు పెద్దది కాబట్టి నెమ్మదిగా ఇంకుతుంది. యాస్పిరిన్ పడనివారు, గర్భవతులు శాలిసిలిక్ పీల్ జోలికి వెళ్లకూడదు.

మన రంగు చర్మానికి పైపొర వరకే పనిచేసే పీల్స్ చాలు. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో నాలుగైదు విడతలు చేయించుకోవడం, ఒకేసారి లోతైన పీల్ వేయించుకోవడం కన్నా ఎన్నో రెట్లు నయం. ఫీనాల్ పీల్ మన చర్మానికి పనికిరాదు. గుండె లయను కూడా తప్పించగలదు కాబట్టి గుండెను గమనించే ఏర్పాటు లేని చోట అసలే కూడదు. ఆన్‌లైన్‌లో దొరికే 30 శాతం ఆమ్లాల సీసాలను ఇంట్లో వాడేవారికి కూడా నా సలహా ఇదే: పైపొర ఊడాక వచ్చే మొదటి వారం ఎండను తప్పించుకోలేనివారు పీల్ గురించి ఆలోచించవద్దు. డెలివరీ పనుల్లో, సైట్ పనుల్లో ఉన్నవారు, రోజంతా బండి మీద తిరిగేవారు పీల్‌ను అక్టోబరు తర్వాతికి వాయిదా వేసుకోవడం మంచిది.

లేజర్లు, సూదులు

లేజర్ ఒకే యంత్రం కాదు. ఏ కిరణపు తరంగదైర్ఘ్యం ఎంత అన్నదాని మీదే దాని భద్రత చాలావరకు ఆధారపడుతుంది. అవాంఛిత రోమాల విషయంలో మన చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్.డి. యాగ్ అన్నిటికంటే భద్రమైనది. 800 నుంచి 810 నానోమీటర్ల డయోడ్ కూడా సరైన చేతుల్లో బాగానే పనిచేస్తుంది. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్, ఒకే కిరణం కాక పలురకాల వెలుగును చిమ్ముతున్నా లేజర్ పేరుతో అమ్మే ఐ.పి.ఎల్. మాత్రం వెంట్రుకలోని మెలనిన్‌తో పాటు చర్మంలోని మెలనిన్‌నూ ఎక్కువగా పట్టుకుంటాయి కాబట్టి మచ్చలు పడే అవకాశం పెరుగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో ఆరేడు విడతలు పడతాయి, నెరిసిన వెంట్రుకల మీద ఏదీ పనిచేయదు. నిజాయితీగా ఇది ‘తగ్గించడం’. ‘శాశ్వతంగా పోవడం’ అన్న మాట వింటే అనుమానించండి.

మంగుకు ‘లేజర్ టోనింగ్’ పేరుతో తక్కువ శక్తితో వారం వారం ఇచ్చే చికిత్స మీద నాకు సదభిప్రాయం లేదు. ఇస్తున్నంతకాలం తగ్గినట్టుండి, ఆపాక తిరగబెట్టడం సాధారణం. విడతలు మితిమీరితే చెంపల మీద చినుకుల్లా తెల్ల మచ్చలు ఏర్పడతాయి, నలుపును వదిలించుకోవడం కన్నా వాటిని సరిచేయడం కష్టం. మంగుకు సన్‌స్క్రీన్, క్రీములు, వైద్యులు అవసరమనుకుంటే మామూలుగా రక్తస్రావం ఆపడానికి వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, ఇవన్నీ అయ్యాకే లేజర్ ప్రస్తావన రావాలి. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు ఆ మాత్రల గురించి వైద్యులకు ముందే చెప్పాలి.

మొటిమల గుంటల విషయంలో పోటీ 10,600 నానోమీటర్ల ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌కూ మైక్రోనీడ్లింగ్‌కూ మధ్య. లేజర్ ఫలితం ఒక్కో విడతకు ఎక్కువగా కనిపిస్తుంది. కానీ వేడి వల్ల మన చర్మంలో నల్లబడటం కూడా ఎక్కువే, ముఖం వారం రోజుల పాటు గరుకుగా, గోధుమ పొలుసులతో ఉంటుంది. సూదులు మెలనిన్‌ను వెతుక్కుంటూ వెళ్లవు, వేడి పుట్టించవు. విడతలు ఎక్కువైనా సూదులతో మొదలుపెట్టి, చాలకపోతే చలికాలంలో లేజర్‌కు వెళ్లడమే నేను మెచ్చే క్రమం. గుంటల ఆకారం కూడా చూడాలి. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉన్నవాటికి గుంట లోపల మాత్రమే చుక్కగా పెట్టే టి.సి.ఏ. అనే ఆమ్లం, కింది నుంచి లాగి పట్టినట్టున్నవాటికి అడుగు తంతువులను తెంచే సబ్‌సిషన్ కావాలి. అన్ని గుంటలకూ ఒకే యంత్రం పేరు చెప్పే చోట వైద్యులు ముఖాన్ని దగ్గరగా చూడలేదని అర్థం. కొత్త మొటిమలు వస్తుండగా గుంటల చికిత్స మొదలుపెట్టడం కూడా డబ్బు పారబోసుకోవడమే. మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, ఈమధ్యే మానేసినా, గాయాలు ఉబ్బెత్తు మచ్చలుగా మానే తత్వం ఉన్నా, పెదవి మీద తరచూ నీటిపొక్కులు వస్తున్నా ఆ సంగతి అడగకపోయినా చెప్పండి.

సొంత రక్తం తీసి అందులోని ప్లాస్మాను ముఖానికి వాడే పి.ఆర్.పి. చికిత్సలో పద్ధతి కన్నా శుభ్రతే ముఖ్యం. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో ‘వాంపైర్ ఫేషియల్’ చేయించుకున్నవారికి హెచ్.ఐ.వి. సోకినట్టు అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో వెల్లడించింది. సూది, గొట్టం, కిట్ అన్నీ మీ కళ్లముందే సీలు విప్పాలి.

ఇంజెక్షన్లు

బొటాక్స్ కండరాన్ని సడలిస్తుంది, మూడు నాలుగు నెలల్లో ప్రభావం దానంతటదే పోతుంది కాబట్టి తేడా వచ్చినా తాత్కాలికమే. హయలురానిక్ ఆమ్లపు ఫిల్లర్లను హయలురానిడేజ్‌తో కరిగించవచ్చు, కరిగించలేని శాశ్వత ఫిల్లర్ల జోలికి వెళ్లవద్దు. ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు కూడా పోవచ్చు. ఆ హయలురానిడేజ్ అదే గదిలో సిద్ధంగా ఉందా అన్న ఒక్క ప్రశ్న చాలు, ఎదుటివారి సన్నద్ధత తెలిసిపోతుంది.

తెల్లబడటానికి గ్లూటాథయోన్ సెలైన్ పెట్టించుకోవడాన్ని మాత్రం నేను ఎంపికల్లో చేర్చను. చర్మం తెల్లబరిచే ఏ ఇంజెక్షన్‌కూ అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇవ్వలేదు. ఫిలిప్పీన్స్ ఔషధ సంస్థ 2011లోనే దీని మీద హెచ్చరిక జారీ చేస్తూ మూత్రపిండాలకు, థైరాయిడ్‌కు, చర్మం ఒలిచినట్టు ఊడే తీవ్ర ప్రతిచర్యకు దీనితో ఉన్న ముప్పును పేర్కొంది. వచ్చే రంగు కూడా నిలవదు, ఆపితే పోతుంది.

ఎవరి చేతిలో

ఒకే యంత్రం, ఒకే ఆమ్లం ఇద్దరి చేతుల్లో రెండు రకాల ఫలితాలిస్తుంది కాబట్టి చివరికి పోల్చుకోవాల్సింది మనుషులను. బోర్డు మీద ‘కాస్మెటాలజిస్ట్’, ‘ఏస్థెటిక్ ఫిజిషియన్’ అని ఉంటే అది చర్మవైద్య డిగ్రీ కాదు. కొన్ని రోజుల సర్టిఫికెట్ కోర్సుతోనూ ఆ పేరు పెట్టుకుంటున్నారు. ఎం.డి. లేదా డి.ఎన్.బి. డెర్మటాలజీ, లేదా డి.డి.వి.ఎల్. ఉండాలి; పేరు పక్కన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు తెలంగాణ మెడికల్ కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు. డాక్టరు మొదటి రోజు పలకరించి వెళ్లి, లేజర్ పట్టుకునేది వేరెవరో అయితే, శక్తి మోతాదు నిర్ణయించేది ఎవరో అడగండి. చెవి ముందు చిన్న చోట పరీక్షగా కాల్చి, కొన్ని వారాలు ఆగి చూడటానికి ఒప్పుకోని చోట మొదటి లేజర్ చేయించుకోవద్దు. ‘ఈరోజు కడితే సగం ధర’ అని పన్నెండు విడతల డబ్బు ఒకేసారి కట్టించుకోవడం, ఈ.ఎం.ఐ. కాగితం మీద సంతకం పెట్టించడం వంటివి జరిగితే బయటికి వచ్చేయండి. ఒక్కో విడతకు విడిగా చెల్లించే వీలుంటేనే మధ్యలో ఆపే స్వేచ్ఛ మీకుంటుంది.

పెళ్లి కుదిరాక వచ్చేవారికి ముహూర్తం తేదీయే లెక్క. ఆరు నెలలు ఉంటే క్రీములతో మొదలుపెట్టి, మధ్యలో రెండు మూడు తేలికపాటి పీల్స్ చేయించుకోవచ్చు. మూడు నెలలే ఉంటే ముందెన్నడూ చేయించుకోని లేజర్ వద్దు. నెల లోపే ఉంటే కొత్తగా ఏదీ మొదలుపెట్టకుండా సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్‌తో సరిపెట్టుకుని, కావాలంటే నీటితో శుభ్రం చేసే మెడిఫేషియల్ వరకు వెళ్లవచ్చు. దాని మెరుపు కొన్ని రోజులదే, హాని కూడా తక్కువే. పసుపు, నలుగు పెట్టే వారంలో రెటినాయిడ్ ఆపేయాలి, పొట్టు రాలుతున్న ముఖాన్ని నలుగుపిండితో రుద్దితే కమిలిపోతుంది.

చికిత్స తర్వాత మంట రెండు రోజులు దాటినా, పొక్కులు వచ్చినా, ఫిల్లర్ వేసిన చోట చర్మం పాలిపోయినా, నొప్పి పెరుగుతున్నా రేపటిదాకా ఆగకుండా అదే వైద్యుల దగ్గరికి, లేదా చర్మవ్యాధుల విభాగం ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. ఏ ఆమ్లం ఎంత శాతం, ఏ లేజర్ ఎంత శక్తితో అన్నది రాసిన చీటీని ప్రతి విడత తర్వాత అడిగి తీసుకుని, బిల్లుతో కలిపి దాచుకోండి. రెండో వైద్యులు కాలిన చర్మాన్ని చక్కదిద్దాలన్నా, మెడికల్ కౌన్సిల్‌కో జిల్లా వినియోగదారుల కమిషన్‌కో ఫిర్యాదు చేయాలన్నా ముందు అడిగేది ఆ కాగితమే.